సెటిల్ అయినట్టేనా?

తెలుగులోకి వచ్చిన ఇంగ్లీషు క్రియలు ఒంటరిగా తిరగవు. పక్కన ఒక ‘అవ్వు’నో ‘చెయ్యి’నో తోడు తెచ్చుకుంటాయి. అప్లై చేస్తాం, ఫీల్ అవుతాం. ఇంగ్లీషులో వాటి వెనక ఉండే డౌన్, అప్, ఇన్, ఫర్ లాంటి చిన్న చిన్న ముక్కల్ని మాత్రం చాలాసార్లు గుమ్మం దగ్గరే వదిలేస్తాం. ‘సెటిల్ డౌన్’ మన ఇళ్ళలోకి అలాగే వచ్చింది. ‘డౌన్’ బయటే ఉండిపోయింది. లోపలికి వచ్చిన ‘సెటిల్’ మాత్రం పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, అపార్ట్‌మెంట్ లిఫ్టుల్లో, ఎక్కడ ఇద్దరు పెద్దవాళ్ళు కలిస్తే అక్కడ కుర్చీ లాక్కుని కూర్చుంటుంది.

నేను సినిమాలకీ సిరీస్‌లకీ తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తాను. తెర మీద మనిషి మాట పూర్తి చేసేలోపు, రెండు లైన్లలో, చూసేవాళ్ళు బొమ్మ వదిలిపెట్టకుండా చదివేసేలా తెలుగు దొరకాలి. ఈ పనిలో నన్ను ఎక్కువ సతాయించేవి పెద్ద మాటలు కావు, ఇలాంటి చిల్లర క్రియలే. స్కూల్ సీన్‌లో టీచరు లోపలికొచ్చి “సెటిల్ డౌన్” అంటుంది, గోల ఆపండని. ఇంకో సీన్‌లో ముప్ఫై దాటిన కూతుర్ని వాళ్ళమ్మ ఫోన్‌లో అదే మాట అడుగుతుంది, ఎప్పుడే అని. కోర్టు డ్రామాలో లాయరు కేసు సెటిల్ చేసుకుందాం అంటాడు. హోటల్లో బిల్లు సెటిల్ చేస్తారు. కురిసిన మంచు పైకప్పు మీద సెటిల్ అవుతుంది. ప్రేమకథలో హీరోయిన్ స్నేహితురాలు వాడి విషయంలో సెటిల్ అవ్వొద్దంటుంది. ఇక్కడ వెనక ‘ఫర్’ ఉంది కాబట్టి అర్థం పూర్తిగా వేరు: ఇంతకన్నా మంచివాడు దొరకడులే అని సరిపెట్టుకోకు అని.

కుదురుగా కూర్చోండి, స్థిరపడటం, రాజీ, చెల్లించడం, పేరుకోవడం, సరిపెట్టుకోవడం. ఆరు చోట్ల ఆరు తెలుగు మాటలు పడ్డాయి. అయితే రెండోచోట నేను రాసిన ‘స్థిరపడటం’ని రివ్యూ చేసే అమ్మాయి కొట్టేసి ‘సెటిల్ అవ్వడం’ అని మార్చింది. “ఏ అమ్మ అంటుందక్కా స్థిరపడమని?” అంది. నిజమే, అనదు. మిగతా ఐదూ తెలుగులో ఎలాగోలా బతుకుతున్నాయి. అమ్మలు అడిగే ఆ ఒక్క అర్థానికే మనకి ఇంగ్లీషు మాట కావాల్సి వచ్చింది. ఎందుకు కావాల్సి వచ్చిందా అని అప్పట్నుంచి ఆలోచిస్తున్నాను.

ఇంగ్లీషులో ఈ మాట పుట్టుక కూర్చోవడంలో ఉంది. పాత ఇంగ్లీషులో ‘సెట్ల్’ అంటే కూర్చునే చోటు. ‘సిట్’కి దగ్గర చుట్టం. వెనక ఎత్తయిన చెక్క ఆనుడు ఉండే పొడుగాటి బెంచీని ఇంగ్లీషువాళ్ళు ఇప్పటికీ ‘సెటిల్’ అనే అంటారు. తిరిగి తిరిగి వచ్చినవాడు కాసేపు చతికిలబడటం అన్నమాట. మళ్ళీ లేవకూడదని ఆ మాటలో ఎక్కడా లేదు. పిట్ట కొమ్మ మీద సెటిల్ అవుతుంది, కాసేపటికి ఎగిరిపోతుంది. దుమ్ము సెటిల్ అవుతుంది, గాలి రాగానే లేస్తుంది.

మన పాత మాటల్లోనూ ఇలాంటి వెసులుబాటు ఉంది. కుదురు అంటే ఒక వస్తువు. గుండ్రటి అడుగున్న కుండ నేల మీద నిలబడదు, దొర్లుతుంది. దాని కింద గడ్డితోనో తాడుతోనో చేసిన చుట్ట పెడతారు. అదీ కుదురు. ఆ మాట సంసారం చాలా పెద్దది. సంబంధం కుదురుతుంది, బేరం కుదురుతుంది, చారు కుదురుతుంది, జ్వరం తగ్గాక ఒళ్ళు కుదుటపడుతుంది. కుదరకపోతే కుదరదు, అంతే. చారు కుదరలేదంటే రేపు మళ్ళీ పెట్టుకోవచ్చు. ఇందులో నాకు నచ్చేది ఇంకొకటుంది. కుండ నిలబడిందంటే అది కుండ గొప్పతనమేమీ కాదు. కింద ఎవరో చుట్ట పెట్టారు.

వరి పొలంలో ఊడ్చిన ఒక్కో గుత్తినీ కుదురు అనే అంటారు. నారుమడిలోంచి పీకిన మొక్క కొత్త మడిలో వెంటనే నిలబడదు. వారం పది రోజులు పాలిపోయి, తలవాల్చి ఉంటుంది. తర్వాత కొత్త వేళ్ళు వేసి పచ్చబడుతుంది. దాన్ని మా ఇంట్లో ‘మూన తిరిగింది’ అనేవాళ్ళు. బురదనీళ్ళు తేరుకుంటాయి. మా నాయనమ్మ కాలవ నీళ్ళు పట్టిన కుండలో ఇండుపగింజ అరగదీసి మూత పెట్టేది, తెల్లారేసరికి మడ్డి అడుక్కి దిగేది. మనిషి కూడా దుఃఖంలోంచి తేరుకుంటాడు. ఈ మాటలన్నిట్లో కొంత కాలం గడవడం ఉంది. కదిపితే మళ్ళీ కలకబారతాయని కూడా తెలుసు. కుండ కదిపినవాడిని తిడతాం గానీ నీళ్ళని తిట్టం.

ఇప్పుడు మనం వాడే ‘సెటిల్’ని చూడండి. అది దాదాపు ఎప్పుడూ భూతకాలంలోనే వస్తుంది. “మీ అబ్బాయి సెటిల్ అయ్యాడా?” అయ్యాడు, కాలేదు. రెండే జవాబులు. “సెటిల్ అవుతున్నాడండీ” అన్నారంటే ఇంకా కాలేదనే అర్థం, అడిగినవాళ్ళు జాలిగా తలూపుతారు. పైగా ఇది ఎక్కువగా ప్రథమ పురుషలో నడిచే మాట. మన గురించి మనల్ని కాదు, మన అమ్మానాన్నల్ని అడుగుతారు. అయ్యిందో లేదో తేల్చే అధికారం కూడా అవతలివాళ్ళదే. ఉద్యోగం వచ్చింది సరే, పర్మనెంటేనా? పర్మనెంటే, మరి ఫ్లాట్ తీసుకున్నాడా? తీసుకున్నాడు, మరి పెళ్ళి? పరీక్షకి సిలబస్ ఉంటుంది. దీనికి అది కూడా లేదు.

ఇక ‘అవ్వు’కీ ‘చెయ్యి’కీ మధ్య తేడా. మగపిల్లలు సెటిల్ అవుతారు. ఆడపిల్లల్ని సెటిల్ చేస్తారు. “ఇద్దరమ్మాయిల్నీ సెటిల్ చేసేశాం, ఇక మాకేం బాధ్యతల్లేవు” అనే మాట నేను ఎన్ని పెళ్ళిళ్ళలో విన్నానో లెక్కలేదు. చెప్పినవాళ్ళ గొంతులో ప్రేమ లేదని కాదు. నిజంగానే గుండెల మీంచి బరువు దిగిన గొంతు అది. కానీ ఆ వాక్యంలో అమ్మాయి కర్త కాదు, కర్మ. ఎంటెక్ చేసి, బెంగళూరులో టీమ్ నడిపే మా పెద్దమ్మ కూతురు ఆరేళ్ళ పాటు ‘ఇంకా సెటిల్ కాలేదు’. పెళ్ళయ్యి, ఉద్యోగం మానేసి భర్త ఊరెళ్ళిన రోజు నుంచి సెటిల్ అయిపోయింది. ఆ మాట వినబడ్డప్పుడు అక్క నవ్వుతుంది. ఏమీ అనదు.

‘సెటిల్ చేయడం’ అనే ప్రేరణ రూపం కుటుంబాల కన్నా ముందు ప్రభుత్వాలది. బెంగాల్లో 1793లో కారన్‌వాలిస్ తెచ్చిన పర్మనెంట్ సెటిల్మెంట్‌ని 1802లో మద్రాసు రాజధానిలోనూ మొదలుపెట్టి ఉత్తర సర్కారుల్లో జమీందార్లని నిలబెట్టారు. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టంతో ఆ ‘శాశ్వతం’ అయిపోయింది. ఇది భూమి సంగతి. మనుషుల్ని సెటిల్ చేయడం అంతకన్నా కష్టమైన కథ. విజయవాడ నుంచి నెల్లూరు వైపు రైల్లో వెళ్తుంటే బాపట్ల దాటాక స్టూవర్టుపురం అని స్టేషన్ వస్తుంది. ఉప్పూ ధాన్యం మోసుకుని ఊరూరా తిరిగి బతికిన ఎరుకల కుటుంబాలు నేరస్థ జాతులనే ముద్ర పడ్డాక, 1910లలో, సాల్వేషన్ ఆర్మీ అజమాయిషీలో వాళ్ళని కూర్చోబెట్టిన చోటు అది. దాన్ని సెటిల్మెంట్ అన్నారు. హాజరు పట్టీ ఉండేది. పాసు లేకుండా పొలిమేర దాటకూడదు. ఆ చట్టం 1952లో పోయింది. ఊరి పేరు మీద పడ్డ మచ్చ మాత్రం తర్వాత కూడా చాలాకాలం పోలేదు, మన సినిమాలు పోనివ్వలేదు. దీన్నీ మా ఇంటి పెళ్ళి కబుర్లనీ ఒకే తక్కెట్లో వేయడం లేదు. రెండు వాక్యాల వ్యాకరణం ఒకటేనని మాత్రం చెప్తున్నాను: తిరిగే మనిషిని చూస్తే ఎవరికో కుదురుండదు, అందుకని ఆ మనిషిని కూర్చోబెడతారు.

నాకీ మాట మీద ఇంత పట్టింపు రావడానికి కారణం మా కుటుంబం. మూడు తరాలుగా మా వాళ్ళు సెటిల్ అవుతూనే ఉన్నారు.

మా తాతయ్యది తణుకు దగ్గర పల్లెటూరు. 1960ల మొదట్లో ఉన్న రెండెకరాలూ అమ్మేసి, నాయనమ్మనీ ఇద్దరు పిల్లల్నీ తీసుకుని రాయచూరు జిల్లా సింధనూరు వైపు వెళ్ళాడు. తుంగభద్ర డ్యామ్ 1953లో పూర్తయింది. ఎడమ కాలవ కింద కొత్తగా నీళ్ళొస్తున్నాయి, భూమి చవక, అక్కడి రైతులకి జొన్న, పత్తి తెలిసినంతగా మాగాణి తెలీదు. గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి అలా చాలా కుటుంబాలు వెళ్ళాయి. నల్లరేగడిని చదును చేసి, గట్లు పోసి, వరి ఊడ్చారు. పొలాల దగ్గర వేసుకున్న గుడిసెల గుంపుల్ని క్యాంపులన్నారు. అరవై ఏళ్ళు దాటాయి. గుడిసెలు డాబాలయ్యాయి. రామాలయాలు, రైస్ మిల్లులు, తెలుగు మాట్లాడే కిరాణా కొట్లు వచ్చాయి. సింధనూరు, గంగావతి, మాన్వి చుట్టుపక్కల ఇప్పటికీ ఊళ్ళ పేర్ల చివర క్యాంపు అనే ఉంటుంది. మా నాన్న పుట్టింది క్యాంపులో. నేనూ, మా అన్నయ్యా పుట్టింది క్యాంపులో.

తాతయ్య కథని మా ఇంట్లో గెలుపు కథలాగే చెప్పుకునేవాళ్ళు. రెండెకరాలతో వెళ్ళి పన్నెండెకరాలు చేశాడు, సెటిల్ అయ్యాడు. అందులో చెప్పుకోని ముక్క ఒకటుంది. ఆ పన్నెండెకరాల్లో కొంత అమ్మిన కుటుంబం వాళ్ళే తర్వాత మా పొలంలో కూలికి వచ్చేవాళ్ళు. చిన్నప్పుడు నాకది వింతగా తోచలేదు. వాళ్ళ ముసలాయన మా గట్టు మీద నిలబడి, ఇక్కడ మా చింతచెట్టు ఉండేదని కన్నడంలో చెప్పడం మాత్రం గుర్తుంది. ఒకరు కూర్చున్న చోటు అంతకుముందు ఇంకొకరు లేచిన చోటు కావచ్చు. ‘సెటిల్’ అనే మాట ఆ రెండోవాళ్ళ గురించి ఏమీ చెప్పదు.

మా చదువుల కోసమని 1999లో నాన్న పొలం కౌలుకిచ్చి హైదరాబాదు కూకట్‌పల్లికి వచ్చాడు. వరసకి అన్నయ్య అయ్యే ఆయన హార్డ్‌వేర్ షాపులో లెక్కలు రాసేవాడు. ఇక్కడ మాకు ఇంకో పేరు దొరికింది: సెటిలర్లు. పేపర్లో ఎలక్షన్లప్పుడల్లా వచ్చేది, సెటిలర్ల ఓట్లు ఎటు అని. కోస్తా నుంచి వచ్చినవాళ్ళని అలా అంటారు. నాన్న కోస్తాలో పుట్టలేదు, చదవలేదు, ఒక్క సంవత్సరం కూడా అక్కడ ఉన్నది లేదు. ఆ సంగతి ఎవరికి చెప్తాడు? రాయచూరు జిల్లాలో మేం ఆంధ్రావాళ్ళం. తణుకులో పెళ్ళిళ్ళకెళ్తే కర్ణాటక వాళ్ళం, మా యాస మీద జోకులు. హైదరాబాదులో సెటిలర్లం. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే రోజు మా ఇంటికొచ్చిన కుర్ర టీచరు మాటల మధ్యలో, “మీ సొంతూరేది సార్?” అంది. నాన్న చాలాసేపు ఆలోచించాడు. ఆ అమ్మాయి పెన్ను పట్టుకుని ఎదురుచూసింది. అమ్మ లోపల్నించి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

సెటిలర్ అనే మాటకి చివర ‘అర్’ ఉంది చూశారా, పని చేస్తున్నవాడు అని చెప్పే ముక్క. డ్రైవర్ నడుపుతుంటాడు, టీచర్ చెప్తుంటాడు. అలాగే సెటిలర్ కూర్చుంటూ ఉంటాడు. పూర్తిగా ఎప్పుడు కూర్చున్నట్టో ఆ మాట చెప్పదు. మా మీద కోపం ఉన్నవాళ్ళ వైపు నుంచి ఆలోచిస్తే వాళ్ళకీ కారణాలున్నాయి. ఉద్యోగాల్లో, నీళ్ళలో, భూముల్లో పోగొట్టుకున్నవి ఉన్నాయి. క్యాంపులో చింతచెట్టు ముసలాయన్ని చూశాక ఆ కోపం నాకు అర్థం కాకపోవడమేమీ లేదు. అర్థం కావడం వల్ల నాన్నకి సొంతూరు దొరకదు, అంతే.

ఇక మూడో తరం. మా ఇంట్లో నిజంగా, నిస్సందేహంగా సెటిల్ అయిన మనిషి మా అన్నయ్య. డాలస్‌లో ఉంటాడు. ఇల్లు కొన్నాడు, గృహప్రవేశం వీడియో మా బంధువులందరి ఫోన్లలో తిరిగింది. ఇద్దరు పిల్లలు. “మీవాడు అమెరికాలో సెటిల్ అయిపోయాడు, మీకేం!” అనే మాట అమ్మకి పాతికేళ్ళ కూకట్‌పల్లి జీవితంలో దొరికిన అతి పెద్ద బిరుదు.

అక్కడి చట్టం లెక్కలో మాత్రం అన్నయ్య నాన్‌ఇమిగ్రెంట్. హెచ్-1బి వీసా మీద ఉన్నవాళ్ళని అలాగే అంటారు, అంటే స్థిరనివాసానికి రానివాడు అని. ఒకసారికి మూడేళ్ళు, మామూలుగా ఆరేళ్ళు మించకూడదు. కంపెనీ గ్రీన్‌కార్డుకి పిటిషన్ వేసి అది ఆమోదం పొందితే, వరసలో ఉన్నంతకాలం పొడిగిస్తూ పోతారు. ఉద్యోగం ద్వారా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్ళకైనా ఏడాదికి ఇంచుమించు 7 శాతమే. ఇండియాలో పుట్టినవాళ్ళ వరస అందుకే అంత పొడుగు. ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజులు. ఆ లోపు కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా వేరే ఏదైనా దారి చూసుకోవాలి, లేదా బయల్దేరాలి. ఇంటి మీద ముప్ఫై ఏళ్ళ లోను, నిలవడానికి రెండు నెలలు. ఇది మా అన్నయ్య ఒక్కడి కథ కాదు, మీలో చాలామంది ఇళ్ళలో ఒక అన్నయ్యో అక్కో ఉండే ఉంటారు.

2023 మొదట్లో వాడి ఉద్యోగం పోయింది. ఒక మెయిల్ వచ్చింది, మధ్యాహ్నానికి ల్యాప్‌టాప్ లాక్ అయింది. నాకు ఫోన్ చేసి చెప్పాడు, ఇంట్లో చెప్పొద్దన్నాడు. ఎందుకురా అంటే వాడన్న మాట ఇది: “నేను సెటిల్ అయ్యానే. ఇప్పుడేమని చెప్పను?”

ఆ వాక్యం నా బుర్రలోంచి ఇప్పటికీ పోలేదు. సబ్‌టైటిల్‌కి ఇవ్వాల్సి వస్తే ఎలా రాస్తానో తెలీదు. సెటిల్ కాని మనిషికి ఒక సౌకర్యం ఉంది: అందరూ అడుగుతారు, సలహాలిస్తారు, విసిగిస్తారు, అవసరమైతే డబ్బు సర్దుతారు. సెటిల్ అయినవాణ్ణి ఎవరూ అడగరు. ఆ భూతకాలం పడ్డాక కథ అయిపోయినట్టే. ఇక వాడు ఊగకూడదు, భయపడకూడదు, అప్పు అడగకూడదు. ముప్ఫై రోజుల పాటు వాడు రోజూ వీడియో కాల్‌లో ఇస్త్రీ చొక్కాతో కనబడ్డాడు. అమ్మ అడిగే ప్రశ్నలన్నీ పిల్లల గురించే. వాళ్ళు మాట్లాడుకుంటుంటే నేను పక్క గదిలో కూర్చుని, నవ్వు తర్వాత వాడు ఎంతసేపు ఆగుతున్నాడో వినేదాన్ని.

ముప్ఫై ఒకటో రోజు వాడే చెప్పేశాడు. వదిన చెప్పించింది. అమ్మ ముందు ఏడ్చింది, తర్వాత “పైఫ్లోర్ వాళ్ళకి తెలీనివ్వకండి” అంది. నాన్న మాట్లాడలేదు. మా నాన్న ఫోన్‌లో మాట్లాడటమే తక్కువ, బాగున్నావా అని అమ్మకి ఇచ్చేస్తాడు. ఆ రోజు మాత్రం ఫోన్ తీసుకుని బాల్కనీలోకి వెళ్ళాడు. తలుపు తీసే ఉంది.

“ఒరేయ్, మీ తాత మూడుసార్లు తిరిగెళ్ళిపోదామని సామాను కట్టాడురా. ఒకసారి కాలవ చివరికి నీళ్ళు రాక. ఒకసారి మీ పెద్దత్తకి జబ్బు చేసి. మూడోసారి ఎందుకో ఎవరికీ తెలీదు. అందర్నీ బస్సెక్కించి హోస్పేట స్టేషన్ దాకా తీసుకెళ్ళాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. రైలొచ్చింది, ఎక్కలేదు. టీ తాగి, మాకు బన్నులు కొనిపెట్టి, మళ్ళీ బస్సెక్కించాడు. ఊళ్ళో అడిగితే డాక్టరు దగ్గరికెళ్ళాం అన్నాడు.”

నాకీ సంగతి తెలీదు. అమ్మకి కూడా తెలీదు. పన్నెండెకరాలు చేసి సెటిల్ అయిన తాతయ్య కథలో ఈ రైలు ఎప్పుడూ రాలేదు. నాన్న ఇంకా చెప్తున్నాడు. చేతిలో ఎన్ని నెలలకి ఉందని అడిగాడు. ఇల్లు అమ్మాల్సొస్తే అమ్మెయ్ అన్నాడు. పిల్లల స్కూలు సంగతి అడిగాడు. చివర్లో, “ఊడ్చిన వారానికే మూన తిరగలేదని ఎవరన్నా పీకేస్తార్రా?” అన్నాడు. పదిహేనేళ్ళకి పైగా అక్కడుంటున్న మనిషిని పట్టుకుని వారం కిందట ఊడ్చిన మొక్కంటాడేమిటని నాకు నవ్వొచ్చింది. అటు నుంచి అన్నయ్య కూడా నవ్వినట్టే వినబడింది. తర్వాత ముక్కు చీదుకున్నాడు.

యాభై మూడో రోజున ఒక చిన్న కంపెనీ పిటిషన్ వేసింది. జీతం తక్కువ, ఆఫీసు ఇంటి నుంచి మూడు గంటల దూరం. వారానికి మూడు రాత్రులు ఎవరి గదిలోనో పంచుకుని ఉంటాడు. సరిపెట్టుకున్నాడు. ఇంగ్లీషులో దీనికి కూడా సెటిల్ అనే అంటారు, వెనక ‘ఫర్’ పెట్టి. మనం గుమ్మం బయట వదిలేసిన ముక్కల్లో అదొకటి. మన ‘సెటిల్ అయ్యాడు’లో సగం మంది విషయంలో ఆ ముక్క చెప్పులు విప్పకుండా లోపలే తిరుగుతుంటుందని నా అనుమానం. బెంగళూరు అక్క నవ్వులోనూ అదే ఉండి ఉంటుంది.

అమ్మలు అడిగే అర్థానికి ఇంగ్లీషు మాట ఎందుకు కావాల్సి వచ్చిందో ఇప్పుడు కొంచెం తెలుస్తున్నట్టుంది. కుదురుకోవడం, తేరుకోవడం, మూన తిరగడం అంటే దగ్గర కూర్చుని చూడాలి. రోజూ మడి చుట్టూ తిరగాలి. మూత తీసి నీళ్ళు చూడాలి. పిల్లలు నూరు మైళ్ళవతలో, పదివేల మైళ్ళవతలో ఉంటే అలా చూసే వీల్లేదు. దూరాన్నుంచి ఒక్క ముక్కలో తెలుసుకుని ఊపిరి తీసుకోవడానికి, పక్కింటివాళ్ళకి చెప్పడానికి, ఒక రసీదు కావాలి. ‘సెటిల్ అయ్యాడు’ ఆ రసీదు. అమ్మ మీద నాకు కోపం లేదు. రసీదు ఉన్నంత మాత్రాన సరుకు అందినట్టు కాదని మాత్రం ఆవిడకి కూడా ఇప్పుడు తెలుసు. ఇప్పుడు వాడు ఫోన్ చేస్తే ముందు ఆఫీసు సంగతి అడుగుతోంది. “ఉందా?” అని అడుగుతుంది, సూటిగా. వాడు “ఉందమ్మా” అంటాడు.

నా సంగతి చెప్పలేదు కదూ. ముప్ఫై ఐదేళ్ళు, పెళ్ళి చేసుకోలేదు, చేసే పనికి నెలజీతం లేదు. నాలుగేళ్ళ నుంచీ అమ్మావాళ్ళ వీధి చివరే విడిగా అద్దెకుంటున్నాను. మా బంధువుల లెక్కలో క్లీన్ స్లేటు. మన అద్దె ఒప్పందాలు పదకొండు నెలలకే రాస్తారు, ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలి కాబట్టి. పోయిన నెల ఇల్లు మారి, కొత్త ఒప్పందం టైపు చేయించడానికి నిజాంపేట రోడ్డులో జిరాక్స్ షాపుకి వెళ్ళాను. కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు పేరు కొట్టాడు, తండ్రి పేరు కొట్టాడు, ఆధార్ చూసి శాశ్వత చిరునామా దగ్గర ఆగాడు.

“మేడం, ఇది క్యాంపు అని ఉంది. క్యాంపంటే టెంపరరీ కదా, పర్మనెంట్ అడ్రస్ చెప్పండి.”

“అదేనండీ పర్మనెంట్,” అన్నాను.

అతను ఒకసారి నా వైపు చూసి, అలాగే కొట్టాడు.